జేగురు గీతల్లో మగపంది

ఇండోనేషియాలోని సులవేసి దీవి దక్షిణభాగంలో మారోస్, పాంగ్‌కెప్ అని రెండు జిల్లాలున్నాయి. అక్కడ వరిచేల మధ్య నుంచి సున్నపురాయి కొండలు నిటారుగా లేచి కనిపిస్తాయి. ఆ కొండల్లో వందలాది గుహలు. వాటిలో ఒకదాని పేరు లియాంగ్ తెదోంగ్నె. చుట్టూ కొండలు మూసేసిన చిన్న లోయలో ఉంటుంది. వానాకాలం వస్తే దారి నీళ్ళపాలే, ఎండాకాలంలోనే వెళ్ళాలి. ఆ గుహ వెనకగోడ మీద ఒక పంది బొమ్మ ఉంది. పొడవు 136 సెంటీమీటర్లు, ఎత్తు 54. అంటే ఆ ప్రాంతపు అడవిపంది ఎంత ఉంటుందో బొమ్మ కూడా ఇంచుమించు అంతే.

పరిశోధక విద్యార్థి బస్రాన్ బుర్హాన్ 2017లో దీన్ని గుర్తించారు. గ్రిఫిత్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆడమ్ బ్రమ్, మాక్సిమ్ ఓబేర్ ఇండోనేషియా పరిశోధకులతో కలిసి 2021 జనవరిలో ‘సైన్స్ అడ్వాన్సెస్’ పత్రికలో దీని వయసు ప్రకటించారు: కనీసం 45,500 ఏళ్ళు. అప్పటికి ప్రపంచంలో వయసు తేలిన జంతువుల బొమ్మల్లో ఇదే పాతది. పత్రికలన్నీ ఆ అంకెనే శీర్షికగా పెట్టాయి, అందులో ఆశ్చర్యం లేదు. కానీ అంకె హోరులో బొమ్మ పనితనం మరుగున పడిపోయింది. వయసు సంగతి కాసేపు పక్కన పెట్టి చూసినా ఇది నిలబడే బొమ్మ. గీసినవారికి ఏది గీయాలో తెలుసు, ఏది వదలాలో అంతకన్నా బాగా తెలుసు. ఈ వ్యాసం ఆ తెలివి గురించి.

గోడ మీద ఏముంది

బొమ్మ ముదురు ఎరుపులో ఉంది. కొన్నిచోట్ల నేరేడు రంగుకు తిరిగింది. ఇనుము ఎక్కువగా ఉన్న జేగురుమన్నును నూరి, నీళ్ళతో కలిపిన రంగు అది. పందిని పక్కనుంచి చూసినట్టు గీశారు. మొహం కుడివైపుకు తిరిగి ఉంది. ముందు ఒంటి చుట్టూ గీత గీసి, లోపలి భాగాన్ని అడ్డదిడ్డమైన చిన్న గీతలతో నింపారు. రంగు పూసి నింపలేదు. ఈ పద్ధతి మారోస్ ప్రాంతపు పాత బొమ్మలన్నిటా కనిపిస్తుంది. ఆ చిన్న గీతలు ఒక క్రమంలో ఉండవు, అయినా గందరగోళంగానూ అనిపించవు. బిరుసు వెంట్రుకలున్న ఒంటిని చూసినప్పుడు కంటికి అందే గరుకుదనం వాటిలో ఉంది. నున్నగా పూసేసి ఉంటే ఆ మేర ఏ జంతువుదైనా కావచ్చు. గీతలు వేయడంతో అది వెంట్రుకలున్న ఒళ్ళయింది.

ఇక ఒంటి కొలత. పంది ఒళ్ళు బరువైనది, కాళ్ళు పొట్టివి. పొట్ట నేలకు దగ్గరగా వేలాడుతుంది. కొత్తగా బొమ్మలు గీసేవాళ్ళు ఏ నాలుగుకాళ్ళ జంతువుకైనా ఒకే రకం కాళ్ళు తగిలిస్తారు. ఇక్కడ ఆ పొరపాటు లేదు. ఒంటి బరువుకూ కాళ్ళ పొట్టితనానికీ మధ్య ఉండే నిష్పత్తి సరిగ్గా కుదిరింది. పేరు చెప్పకముందే చూసేవారి నోట పంది అనే మాట వస్తుంది.

పంది పిరుదుల పైన, గోడ మీద రెండు చేతి ముద్రలున్నాయి. అరచేయి గోడకు ఆనించి, చుట్టూ రంగు ఊది, చేయి తీసేస్తే మిగిలే ఆకారాలవి. ముందుభాగానికి ఎదురుగా మరి రెండు పందుల ఆనవాళ్ళున్నాయి. వాటి ఒళ్ళు చాలావరకు రాలిపోయినా, తలలు పోల్చుకోవచ్చు. అంటే ఇది ఒంటరి బొమ్మ కాకపోవచ్చు. రెండు పందులు ఎదురుబొదురుగా నిలబడి ఉంటే మూడోది చూస్తోందా, లేక మూడూ ఒకే తగాదాలో ఉన్నాయా అని పరిశోధకులు ఆలోచిస్తున్నారు. తేల్చి చెప్పేంత గోడ మిగలలేదు.

పులిపిర్లు, జూలు

అసలు పనితనం తల దగ్గర ఉంది. కళ్ళకు కాస్త ముందు, ముట్టె పైభాగాన, రెండు చిన్న కొమ్ముల్లాంటి గుర్తులు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. అవి కొమ్ములు కావు, పులిపిర్లు. సులవేసి అడవిపందికి మొహం మీద పులిపిర్లు జతలుగా పెరుగుతాయి. ఆడవాటికి అంతగా కనిపించవు. మగవాటికి వయసుతోపాటు పెద్దవవుతాయి. మగపందులు తలలు ఢీకొట్టుకుని పోట్లాడేటప్పుడు ఎదుటిదాని కోరలు మొహానికి తగలకుండా ఇవి కాపాడతాయని జంతుశాస్త్రజ్ఞులు అంటారు.

ఇక్కడ గీసినవారి ఒక ఎత్తు గమనించాలి. పక్కనుంచి చూస్తే మనకు మొహానికి ఒకవైపే కనిపిస్తుంది, కాబట్టి రెండు పులిపిర్లూ ఇంత స్పష్టంగా కనిపించకూడదు. గీసినవారికీ ఆ సంగతి తెలుసు. అయినా రెండూ వేశారు. కంటికి ఒక క్షణంలో ఆనేదాన్ని వదిలి, ఆ జంతువు గురించి తమకు తెలిసినదాన్ని గోడకు ఎక్కించారు. ఒక్కటే వేసి ఉంటే దాన్ని చెవి అనుకునేవాళ్ళం, గోడ మీది మరక అనుకునేవాళ్ళం. జంటగా ఉండబట్టి ఇక అనుమానం లేదు.

రెండో గుర్తు తల వెనక నిక్కబొడుచుకున్న పొట్టి జూలు. మన అడవిపందికి మెడ నుంచి వీపు దాకా జూలు పొడుగ్గా లేస్తుంది. వేరుశనగ చేలకు రాత్రి కావలి కాసే రైతులకు ఆ సంగతి చెప్పక్కర్లేదు. సులవేసి పందికి అది తలభాగాన కుచ్చులా ఉంటుంది. బొమ్మలోనూ అలాగే, పైకి లేచిన పొట్టి గీతలుగా ఉంది.

ఈ రెండు గుర్తులతో మూడు సంగతులు తేలిపోతాయి. జాతి ఏదో తెలుస్తుంది: శాస్త్రనామం సుస్ సెలెబెన్సిస్, సులవేసి పులిపిర్ల పంది. ఆడా మగా తెలుస్తుంది: మగ. వయసు తెలుస్తుంది: ఈడొచ్చినది, పిల్ల కాదు. అడవిపంది పిల్లల ఒంటి మీద పొడవునా చారలుంటాయి, పెద్దయ్యాక పోతాయి. ఇక్కడ చారలు లేవు, పులిపిర్లున్నాయి. ఇంత సమాచారాన్ని నాలుగైదు గీతల్లో పెట్టారు. కన్ను, గిట్టల చీలిక, ముట్టె రంధ్రాలు లాంటి వివరాలకు పోలేదు. అవి అన్ని పందులకూ ఉండేవే. ఈ పందిని మిగతావాటి నుంచి వేరుచేసే వాటి మీదే చేయి నిలిపారు.

జంతుశాస్త్రంలో వర్గీకరణ చేసేవారి పని కూడా ఇదే. అన్నిటికీ ఉన్నది వదిలి, దీనికి మాత్రమే ఉన్నది పట్టుకోవాలి. యూరప్ శాస్త్రజ్ఞులు ముల్లర్, ష్లేగెల్ ఈ పందికి శాస్త్రనామం పెట్టింది 1843లో. గుహలో దాన్ని గుర్తుపట్టేలా గీసినవారు అంతకు కనీసం 45,000 ఏళ్ళ ముందే ఆ పని తమ పద్ధతిలో ముగించేశారు.

ఇంకో మాట. పులిపిర్లు చర్మం మీది ఎదుగుదల, జూలు వెంట్రుకలు. రెండూ మట్టిలో నిలవవు. తవ్వకాల్లో పంది ఎముకలు, పళ్ళు దొరుకుతాయి. ఆనాటి మనుషులు ఈ పందిని బాగా వేటాడి తిన్నారని అవి చెబుతాయి. దాని మొహం ఎలా ఉండేదో చెప్పవు. ఆ సంగతి చెప్పేది బొమ్మే. ఇప్పుడు అడవిలో తిరుగుతున్న మగపంది ఫొటో పక్కన పెట్టి చూస్తే ఇన్ని వేల ఏళ్ళలో ఆ మొహం పెద్దగా మారలేదని తెలుస్తుంది. జంతుశాస్త్రానికి ఇది చిన్న సాక్ష్యం కాదు.

పందుల వంశవృక్షంలో దీని చోటు

పందులన్నీ సుయిడే కుటుంబం. ఇందులో నేడు మిగిలినవి ఆరు ప్రజాతులు. ఆఫ్రికాలో మూడు: గడ్డిమైదానాల వార్ట్‌హాగ్, పొదల్లో తిరిగే బుష్‌పిగ్ తెగ, అడవుల్లోని పెద్ద నల్లపంది. సులవేసి, ఆ చుట్టుపక్కల దీవుల్లో బాబిరూసా. హిమాలయాల పాదాల దగ్గర, ఎత్తుగడ్డిలో బతికే మరుగుజ్జు పంది. ఇది పాతిక సెంటీమీటర్ల ఎత్తు, ఆరు నుంచి తొమ్మిది కిలోల బరువుండే చిన్న ప్రాణి. ఇప్పుడు అస్సాంలో తప్ప మరెక్కడా లేదు. బ్రయాన్ హాడ్జ్‌సన్ 1847లో దీన్ని ప్రత్యేక ప్రజాతిగా వర్ణించారు. తరవాతివారు మామూలు పందుల్లో కలిపేశారు. 2007లో జన్యుపరీక్షలు హాడ్జ్‌సన్ మాటే సరైనదని తేల్చాయి. అమెరికా ఖండాల్లో పందుల్లా కనిపించే పెకరీలు వేరే కుటుంబం. అక్కడ స్వతహాగా పందులు లేవు.

ఆరోది సుస్ ప్రజాతి. మన ఊరపంది, అడవిపంది, యార్క్‌షైర్ సీమపంది అన్నీ ఇందులోవే, అదీ ఒకే జాతి: సుస్ స్క్రోఫా. పోర్చుగల్ నుంచి జపాన్ దాకా ఖండమంతా పాకింది ఆ జాతి. సుస్‌లోని మిగతా జాతులు ఆగ్నేయాసియాలోనే, ఎక్కువగా దీవుల్లో ఉన్నాయి: జావా పులిపిర్ల పంది, ఫిలిప్పీన్స్ దీవుల్లోని పందులు, బోర్నియోలో మొహం నిండా గడ్డంలా వెంట్రుకలు పెరిగే పంది, మన కథానాయకుడైన సులవేసి పంది. సముద్రం అడ్డుపడి దీవికో రకం ఏర్పడింది. వీటిని వేరుచేయడానికి శాస్త్రజ్ఞులు చూసేవాటిలో ఒకటి పులిపిర్లు, మరొకటి మగపంది కింది కోర. దాన్ని అడ్డంగా కోస్తే త్రికోణంలా ఉంటుంది. ఆ త్రికోణపు భుజాల నిష్పత్తి జాతిని బట్టి మారుతుంది. కోర చూడాలంటే పంది చచ్చి ఉండాలి. పులిపిర్లు దూరం నుంచే కనిపిస్తాయి. వేటగాడి కంటికి పులిపిర్లే గుర్తు కావడం సహజం.

రెండో పంది

ఇంత నమ్మకంగా జాతి చెప్పడానికి మరో ఆధారం ఉంది. సులవేసి దీవికి స్వతహాగా చెందిన అడవిపందులు నేడు రెండే. ఒకటి పులిపిర్లది, రెండోది బాబిరూసా. బాబిరూసా మగదాని పైకోరలు నోట్లోంచి బయటికి రావు. ముట్టె పైచర్మాన్ని చీల్చుకుని పైకి లేచి నుదుటి వైపు వంకర తిరుగుతాయి. ఒంటి మీద వెంట్రుకలు అతి తక్కువ, కాళ్ళు కాస్త సన్నం. మిగతా పందుల్లా గట్టి నేలను ముట్టెతో తవ్వలేదు.

అదే మారోస్ ప్రాంతంలో లియాంగ్ తింపుసెంగ్ అనే గుహలో బాబిరూసా బొమ్మ కూడా ఉంది. 2014లో ‘నేచర్’ పత్రికలో దాని వయసు కనీసం 35,400 ఏళ్ళని ప్రకటించారు. అది ఆడదని పరిశోధకుల అంచనా. అదే గుహలో ఒక చేతి ముద్ర కనీసం 39,900 ఏళ్ళ నాటిది. అంటే ఆ కొండల్లో బొమ్మలు గీసినవాళ్ళు రెండు పందులనూ ఎరిగినవాళ్ళు, ఒకదాన్ని ఒకదానిలా గీయనివాళ్ళు. పందులన్నిటినీ ఒకే ముద్దగా చూసి ఉంటే మనకీ తేడా దొరికేది కాదు.

వాళ్ళకు బాబిరూసాతో వేరే సంబంధం కూడా ఉంది. లియాంగ్ బులు బెత్తువే అనే రాతిపంచన 30,000 నుంచి 22,000 ఏళ్ళ మధ్య కాలపు పొరల్లో బాబిరూసా పంటితో చేసిన బిళ్ళల్లాంటి పూసలు దొరికాయి. తిని పారేసిన ఎముకల్లో బాబిరూసా అరుదు. పులిపిర్ల పంది కడుపుకు, బాబిరూసా మెడకు. ఏ జంతువు దేనికో వాళ్ళకు స్పష్టంగా తెలుసు.

మనిషి చెక్కిన పందులు

వర్గీకరణ గురించి మాట్లాడుతూ పెంపుడు రకాల ఊసెత్తకపోతే కథ సగమే అవుతుంది. సుస్ స్క్రోఫాను మనిషి మచ్చిక చేసుకున్నది ఒకచోట కాదు. నేటి టర్కీ ప్రాంతంలో దాదాపు పదివేల ఏళ్ళ కిందట, చైనాలో విడిగా. ఆ తరవాత మనిషి పంది ఒంటినే గోడగా చేసుకుని తన ఇష్టం వచ్చిన గుర్తులు తెప్పించాడు. 18వ శతాబ్దంలో చైనా పందులు ఇంగ్లండుకు చేరాయి. అక్కడి పొడుగుముట్టె పందులతో వాటిని కలిపి కొత్త రకాలు తీశారు. 1851లో విండ్సర్‌లో జరిగిన రాయల్ షోలో యార్క్‌షైర్ నేతపనివాడు జోసెఫ్ ట్యూలీ తెచ్చిన తెల్లపందులు అందరి కళ్ళనూ తిప్పుకున్నాయి. 1868లో లార్జ్ వైట్ ఒక రకంగా గుర్తింపు పొందింది. ఆంధ్ర, తెలంగాణ ఫారాల్లో కనిపించే నిటారు చెవుల తెల్ల సీమపంది దాని సంతతే.

ఈ రకాలను వేరుచేసే గుర్తులన్నీ మనిషి ఎంచినవి. లాండ్రేస్ చెవులు కళ్ళ మీదికి వాలతాయి. బెర్క్‌షైర్ నల్లని ఒంటికి ఆరుచోట్ల తెలుపు: నాలుగు పాదాలు, ముట్టె, తోక కొస. హాంప్‌షైర్ నల్లని ఒంటి చుట్టూ భుజాల మీదుగా తెల్లని పట్టీ. డ్యూరాక్ ఎరుపు. చైనా మెయ్‌షాన్ మొహం నిండా ముడతలు, ఈతకు పదిహేను దాకా పిల్లలు. మన దేశంలో ఉత్తర బెంగాల్ ఘుంఘ్రూ నల్లనిది, పెద్ద చెవులది. గౌహతిలోని జాతీయ పంది పరిశోధన కేంద్రం ఘుంఘ్రూను హాంప్‌షైర్‌తో కలిపి ‘రాణి’ అనే రకాన్ని తయారుచేసింది. ఈ గుర్తులకు వందేళ్ళో రెండు వందల ఏళ్ళో చరిత్ర. పెంపకందారు నిఘా సడలి పందులు ఇష్టం వచ్చినట్టు కలిస్తే కొన్ని తరాల్లో కరిగిపోతాయి. పులిపిర్ల వయసు అలాంటిది కాదు. తెదోంగ్నె గోడే అందుకు సాక్షి.

ఇక్కడే మరో ముచ్చట. సుస్ స్క్రోఫా కాకుండా మనిషి చేరదీసి వెంట తీసుకెళ్ళిన పంది ఇంకొకటుంది, అది మన పులిపిర్ల పందే. ఫ్లోరెస్, తిమోర్, సుమత్రా పక్కనున్న సిమెలూవే దీవులకు అది ఈదుకుంటూ పోలేదు. మనుషులు పడవల్లో తీసుకెళ్ళారు. గోడకు ఎక్కిన వేల ఏళ్ళ తరవాత అది పడవ ఎక్కింది.

వయసు తేల్చిన రాతిపొర

1857లో ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ మారోస్ కొండల్లో సీతాకోకచిలుకలు పట్టుకుంటూ తిరిగాడు. సులవేసి జంతువులు ఆసియావో ఆస్ట్రేలియావో తేలని వింత మేళవింపని లోకానికి చెప్పింది ఆయనే. బాబిరూసా గురించి రాశాడు కానీ గుహల్లోని బొమ్మల గురించి ఒక్క ముక్క రాయలేదు. డచ్ పురావస్తు పరిశోధకులు 1950లో చేతి ముద్రలను, పంది బొమ్మను గమనించారు. ఉష్ణమండలపు తేమలో రంగు అంతకాలం నిలవదని నమ్మి, చాలాకాలం వాటిని పదివేల ఏళ్ళలోపువే అనుకున్నారు.

రంగులో ఉన్న ఇనుము వయసు చెప్పదు. వయసు చెప్పేది దానిమీద పేరుకున్న పొర. నంద్యాల జిల్లాలో బెలూం గుహలు చూసినవారికి సున్నపురాయి నుంచి కారే నీరు ఎండి రాయిగా మారడం తెలిసిందే. అలాంటి బుడిపెలే బొమ్మల మీదా పుడతాయి. నీటిలో యురేనియం కొద్దిగా కరిగి ఉంటుంది, థోరియం కరగదు. కాబట్టి కొత్తగా ఏర్పడిన పొరలో యురేనియమే ఉంటుంది. కాలం గడిచేకొద్దీ అది క్షీణించి థోరియంగా మారుతుంది. రెండింటి నిష్పత్తి కొలిస్తే పొర ఎప్పుడు పుట్టిందో తెలుస్తుంది. తెదోంగ్నె పంది వెనకకాలి పాదం దగ్గర అలాంటి బుడిపె ఒకటి దొరికింది. దాని వయసు 45,500 ఏళ్ళు. బొమ్మ దానికింద ఉంది కాబట్టి అంతకన్నా పాతది. ఎంత పాతదో ఈ పద్ధతి చెప్పదు. అందుకే ‘కనీసం’ అనే మాట.

తరవాత ఈ రికార్డు కూడా చెరిగింది, చెరిపిందీ పందే. 2024 జులైలో అధి అగుస్ ఒక్తావియానా బృందం లియాంగ్ కరంపువాంగ్ గుహలోని బొమ్మకు కనీసం 51,200 ఏళ్ళని ప్రకటించింది. అక్కడ నోరు కాస్త తెరిచిన పంది చుట్టూ మనుషుల్లాంటి మూడు ఆకారాలున్నాయి. ఒకటి చేతులు చాచి కర్ర లాంటిదేదో పట్టుకుంది. ఇంకొకటి ముట్టె దగ్గర నిలిచింది, దాని చేతిలో కర్ర కొస పంది గొంతు దాకా వచ్చినట్టుంది. మూడోది తలకిందులుగా, పంది తలను తాకుతున్నట్టు. పందులనూ, అనోవా అనే పొట్టి అడవిదున్నలనూ సన్నని మనుషుల్లాంటి ఆకారాలు ఎదుర్కొనే బులు సిపోంగ్ గుహ చిత్రానికి అదే ఏడు 48,000 ఏళ్ళని సవరణ వచ్చింది. కథ చెప్పడంలో అవి తెదోంగ్నె కన్నా ముందున్నాయి. ఒక్క జంతువును పూర్తిగా చూపించడంలో మాత్రం నా ఓటు తెదోంగ్నెకే.

గీసినవారెవరు అన్నదానికి నేరుగా సాక్ష్యం లేదు. ఆ కాలపు మనిషి ఎముక సులవేసిలో దొరకలేదు. ఇంత ఎంపిక, ఇంత నైపుణ్యం చూసి మనలాంటి మనుషులే అని పరిశోధకులు భావిస్తున్నారు.

వేంగి ముద్ర మీది వరాహం

తెలుగువారికి పంది బొమ్మ కొత్త కాదు. వేంగిని ఏలిన తూర్పు చాళుక్యుల రాగిశాసనాల రేకుల్ని కలిపే వలయం మీద ముద్ర ఉంటుంది. దాని మీద వరాహం, సూర్యచంద్రులు, అంకుశం, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అనే అక్షరాలు కనిపిస్తాయి. బాదామి చాళుక్యుల లాంఛనమూ వరాహమే. ఆ ముద్ర చెక్కినవారి పనితనం తక్కువది కాదు. అంత చిన్న చోటులో రాజ్యం గుర్తును ఇమిడ్చారు. కానీ అక్కడి వరాహం విష్ణువు అవతారం. దానికి భూమినెత్తిన చరిత్ర ఉంది, అందరికీ తెలిసిన కథ ఉంది. ముద్రలో పంది లక్షణాలు నాలుగు తగ్గినా చూసేవాడు పోల్చుకుంటాడు. సులవేసి గోడ మీది పందికి మనకు తెలిసిన కథ ఏదీ లేదు. కథ ఉండి ఉండొచ్చు, అది చెప్పినవాళ్ళతోనే పోయింది. ఏ పురాణమూ ఆసరా లేకుండా, కేవలం గీతల బలంతో తానెవరో చెప్పుకోగలుగుతోంది. పనితనానికి అంతకన్నా కఠినమైన పరీక్ష ఉండదు.

ఇప్పుడున్న ముప్పు

ఆ గోడలు రాలుతున్నాయి. రాతిలో ఉప్పు స్ఫటికాలు పెరిగి, పైపొర పెచ్చులుగా ఊడుతోందని 2021లో జిలియన్ హంట్లీ బృందం ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’లో వివరించింది. తడి, పొడి మార్చిమార్చి వచ్చేకొద్దీ ఉప్పు రాతిని లోపలి నుంచి తోస్తుంది. ఎల్‌నినో కరవులు, వేడి దీన్ని వేగం చేస్తాయి. చుట్టుపక్కల కొండల్లో పాలరాతి కోసం, సిమెంటు కోసం తవ్వకాలూ సాగుతున్నాయి. తెదోంగ్నెలో ఎదుటి పందుల ఒళ్ళు ఊడిపోయింది ఇలాగే. అసలు జంతువుకూ కష్టకాలమే. పులిపిర్ల పందిని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ముప్పుకు చేరువైన జాతుల్లో చేర్చింది. 2019లో ఇండోనేషియాలో అడుగుపెట్టిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ ఊరపంది, అడవిపంది అనే తేడా చూడదు. 2020లో అది మన ఈశాన్య రాష్ట్రాలకూ వచ్చి మరుగుజ్జు పంది మీద కూడా కత్తిలా వేలాడుతోంది.

తెదోంగ్నె బొమ్మ మీద 2021లో వచ్చిన పరిశోధన వ్యాసం ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. చదవడం కుదరకపోయినా ఫొటోలు పెద్దవి చేసి చూడండి. ముందు పులిపిర్ల జంట, తరవాత జూలు, ఆ తరవాత పొట్ట కింది గీత, చివర పిరుదుల పైనున్న రెండు చేతులు. ఆ వరసలో చూస్తే జంతువులను వేరుచేసి గుర్తించే విద్య గ్రంథాలయాల్లో పుట్టలేదని, వేట దారుల్లో పుట్టిందని మీకే తెలుస్తుంది.